మావయ్యగారితో గడ్డకట్టిన సరస్సు మీద వాలై చేపల వేట: నా అనుభవం

జనవరిలో మాకు పాప పుట్టింది. పురుడు పోయడానికి అత్తయ్యగారు, మావయ్యగారు డిసెంబరు మొదటి వారంలోనే కోనసీమ నుంచి మా దగ్గరికి, అమెరికాలో మినసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ పక్కనున్న మా ఊరికి వచ్చేశారు. అత్తయ్యగారికి పాపతోనూ వంటింటితోనూ తెల్లారడం, పొద్దుగూకడం కూడా తెలిసేది కాదు. పొద్దు పోనిదల్లా మావయ్యగారికే. ఆయనకి అరవై నాలుగేళ్లు. ఊళ్లో ఉంటే పొద్దున్నే కాలవ గట్టు మీద రెండు మైళ్లు నడిచి, కాఫీ హోటల్ దగ్గర పేపరు చదివి, పది మందిని పలకరించి గానీ ఇంటికి రారు. ఇక్కడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే రెండు గంటలకి ఒక్క మనిషి కనబడితే గొప్ప. ఆయన ఏమీ అనేవారు కాదు. అయినా చూస్తుంటే నాకు బాధగా ఉండేది.

జనవరి నెలాఖరులో ఒకరోజు పాపని డాక్టరుకి చూపించి కారులో వస్తున్నాం. రోడ్డు పక్కన సరస్సు. దాని నడిమధ్యన ఎర్రవీ నీలంవీ గుడారాలు, రెండు పికప్ ట్రక్కులు.

"ఆ గుడారాలేంటండీ అల్లుడు గారూ, నీళ్ల మీద?" అన్నారు.

ఐసుకి కన్నం చేసి చేపలు పడతారని చెప్పాను. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. అన్నం తిన్నాక పాత క్యాలెండరు కాగితం తిరగేసి పెన్సిలుతో ఒక బొమ్మ గీసి నాకిచ్చారు. పైన ఐసు పలక. దాని కింద సున్నా డిగ్రీలు, ఇంకా కిందికి ఒకటి, రెండు, మూడు, అట్టడుగున నాలుగు. నాలుగు దగ్గర ఒక చేప.

"నీటి అసంగత వ్యాకోచం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఈ బొమ్మ బోర్డు మీద గీశానండి. నాలుగు డిగ్రీల నీళ్లు అన్నిటికంటే బరువు, అందుకే అడుక్కి చేరతాయి, అందుకే సరస్సు పైనుంచి గడ్డ కడుతుంది, అందుకే చేపలు బతుకుతాయి. పిల్లలు నమ్మారు, నేనూ నమ్మాను. కళ్లతో చూసింది మాత్రం ఇవాళే."

ఆ కాగితం చూశాకే ఈయన్ని ఐస్ ఫిషింగ్‌కి తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాను.

నేను ఆరు శీతాకాలాలుగా వెళ్తున్నాను. అయితే కొత్తవాళ్లని తీసుకెళ్లిన అనుభవం ఒక్కటే, అదీ బాగా జరగలేదు. మూడేళ్ల కిందట, హైదరాబాద్ నుంచి అప్పుడే వచ్చిన ఆఫీసు స్నేహితుణ్ణి ఫిబ్రవరిలో మిల్ లాక్స్ సరస్సుకి తీసుకెళ్లాను. ఆ వారం ఎక్కడ పడుతున్నాయి, ఎంత లోతులో పడుతున్నాయి, ఏ రంగు స్పూన్‌కి (చెంచాలా మెరిసే లోహపు ఎర) తగులుతున్నాయి అని రాత్రంతా చదివాను. ఆయన కాళ్లకి ఏం వేసుకున్నాడని మాత్రం అడగలేదు. కాటన్ మేజోళ్లు, మామూలు బూట్లు. గంటన్నరకి వేళ్లు మొద్దుబారాయని చెప్పాడు. ఇంకాసేపాగితే చీకటి పడుతుంది, వాలై అప్పుడే తగులుతుంది అని ఆపేశాను. మరో అరగంటకి వేళ్లు తెల్లగా పాలిపోయాయి. కారులో హీటరు పెట్టుకుని వస్తుంటే, స్పర్శ తిరిగొచ్చే నొప్పికి ఆయన పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. ఆ రెండు గంటల ప్రయాణం నాకిప్పటికీ గుర్తే. వేళ్లు దక్కాయి. ఐసు మీదికి మాత్రం ఆయన మళ్లీ రాలేదు.

అందుకని ఈసారి ప్లానింగ్ తలకిందులుగా మొదలుపెట్టాను. ముందు మనిషి, తర్వాత కాళ్లు, తర్వాత తిరిగొచ్చే దారి. చేప సంగతి అన్నిటికంటే చివర.

మా ఆవిడకి చెబితే మొదట ఒప్పుకోలేదు. "నాన్నకి షుగరు. కాళ్లకి స్పర్శ తక్కువ. నీకు తెలుసు కదా" అంది. నిజమే. షుగరు వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లకి చలి తగులుతున్నా తెలియదు. మామూలు మనిషికి నొప్పి రూపంలో వచ్చే హెచ్చరిక వాళ్లకి రాదు. డాక్టరుని అడిగి, ఆయన సరేనంటేనే వెళ్దామనుకున్నాం. డాక్టరు రెండు మాటలు చెప్పారు. గంటకోసారి బూటు విప్పి పాదాన్ని కళ్లతో చూడాలి, "బాగానే ఉందండీ" అన్న మాట మీద ఆధారపడకూడదు. చేతులూ కాళ్లూ వెచ్చబెట్టుకునే రసాయన పొట్లాలు ఉంటాయి కదా, వాటిని పాదాలకి ఆనించకూడదు, కాలినా ఆయనకి తెలియదు. ఈ రెండో సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అడక్కపోయి ఉంటే బూటులో నేనే పెట్టేవాణ్ణి.

ఇక ఏ సరస్సు అన్నది. పాప పుట్టిన హడావుడిలో ఫిబ్రవరిలో పెద్ద ప్రయాణం కుదరదు. మార్చి అయితే చలి కాస్త తగ్గుతుంది, పగలు పొడవు పెరుగుతుంది. కానీ మినసోటాలో లోపలి సరస్సుల్లో వాలై సీజన్ ఫిబ్రవరి చివర్లోనే మూసేస్తారు. మార్చిలో వాలై కావాలంటే కెనడా సరిహద్దు సరస్సులకి వెళ్లాలి. అక్కడ ఏప్రిల్ 14 దాకా తెరిచే ఉంటుంది. మా దగ్గర్నుంచి ఉత్తరంగా ఐదు గంటలు ప్రయాణం చేస్తే బోడెట్ అనే చిన్న ఊరు, దానికి దగ్గర్లోనే లేక్ ఆఫ్ ద వుడ్స్. సముద్రమంత సరస్సు, అందులో పద్నాలుగు వేలకి పైగా దీవులు. అదే ఖాయం చేశాను.

ఆ సరస్సులోనే నార్త్‌వెస్ట్ యాంగిల్ అని ఒక మూల ఉంది. అక్కడ చేపలు బాగుంటాయని స్నేహితులు గట్టిగా చెప్పారు. కానీ ఆ మూల అమెరికాదే అయినా రోడ్డు మీద వెళ్లాలంటే కెనడాలోంచి దాటాలి. మావయ్యగారిది భారత పాస్‌పోర్టు, చేతిలో ఉన్నది అమెరికా విజిటర్ వీసా ఒక్కటే. కెనడా వీసా లేదు. కాబట్టి దక్షిణపు ఒడ్డు దాటకూడదని మొదటిరోజే గీత గీసుకున్నాను. సరిహద్దు ప్రాంతం కదా, ఆయన పాస్‌పోర్టు, అమెరికాలోకి వచ్చినట్టు నమోదు చూపే ఐ-94 కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా లోపలి జేబులో ఉంచుకున్నాను. అమ్మానాన్నలని ఆ వైపు తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

లైసెన్సు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. ఇక్కడ ఫిషింగ్ లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి నెలాఖరుకి అయిపోతుంది. పోయిన వేసవిలో నేను కొన్న లైసెన్సు మార్చిలో చెల్లదు, కొత్తది తీసుకోవాలి. మావయ్యగారు ఇక్కడి నివాసి కారు కాబట్టి ఆయనకి నాన్ రెసిడెంట్ లైసెన్సు. అందులో ఒకరోజుదీ, మూడు రోజులదీ విడిగా దొరుకుతాయి. దుకాణంలో కౌంటరు మీద ఆ కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని రెండు వైపులా చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "మా కాలవలో గాలం వేయడానికి ఎవడి పర్మిషనూ అక్కర్లేదండి. ఇలా రాసి ఇస్తుంటే బాగానే ఉంది" అన్నారు.

చిన్నప్పుడు ఆయన గాలం వేసినవారే. వెదురు కర్ర, జీలుగు బెండు, ఎరకి వానపాము. బెండు మునగ్గానే లాగకూడదు, రెండోసారి మునిగేదాకా ఆగాలి అని వాళ్ల నాన్నగారు నేర్పారట. నేను నేర్పాల్సినది ఐసు సంగతే. అందుకే అసలు ప్రయాణానికి మూడు వారాల ముందు ఇంటి దగ్గరే ఒక రిహార్సల్ పెట్టాను.

దానికి ముందు బట్టలు. ఆయన ఊరి నుంచి మంకీ క్యాప్ తెచ్చుకున్నారు, అది భేషుగ్గా పనికొచ్చింది. మిగతావి మార్చాల్సి వచ్చింది. ఒంటిని అంటుకుని ఉండే పొర కాటన్ అయితే చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, కూర్చున్నాక ఆ తడే వణికిస్తుంది. ఆయన జీవితమంతా కాటన్ బనీనే. మార్చమంటే మొహమాటపడ్డారు. అత్తయ్యగారు చెబితే మార్చారు. లోపల పాలిస్టర్ థర్మల్, దాని మీద ఉన్ని స్వెటరు, పైన గాలి చొరని సూటు. ఆ సూటు నీళ్లలో తేలే రకం, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను. బూట్లు మాత్రం కొత్తవి కొన్నాం, ఆయన సైజు కన్నా రెండు సైజులు పెద్దవి. మందపాటి ఉన్ని మేజోళ్లు వేసుకున్నాక కూడా వేళ్లు లోపల ఆడాలి. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, ఎంత ఖరీదైన బూటైనా అప్పుడు ఉపయోగం లేదు. ఇంట్లోనే అవన్నీ తొడుక్కుని వరండాలో అరగంట కూర్చున్నారు. లోపలికొచ్చాక బూట్లు విప్పించి వేళ్లు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి. మా ఆవిడ కూడా వచ్చి వాళ్ల నాన్న పాదం చేత్తో పట్టుకుని చూసింది. ఆ తర్వాత ఇక అడ్డు చెప్పలేదు.

రిహార్సల్‌కి ప్లిమత్‌లోని మెడిసిన్ లేక్ ఎంచుకున్నాను. సన్‌ఫిష్, క్రాపీ లాంటి చిన్న చేపలకి ఏడాది పొడవునా అనుమతి ఉంటుంది. ఇంటికి దగ్గర. ఏ క్షణమైనా లేచి వచ్చేయొచ్చు. గంటకి మించి ఉండకూడదని ముందే అనుకున్నాం.

ఒడ్డున ఆయన ఒక్క నిమిషం ఆగారు. వంగి, గ్లౌవు తీసి, ఐసుని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నారు. గోదావరిలో దిగే ముందు అందరూ చేసేదే. తర్వాత అడుగు వేశారు.

నేను ముందు నడుస్తూ ఇనపగుచ్చితో ఐసుని పొడుస్తూ వెళ్లాను. ఆయన పది అడుగుల వెనక, నేను నడిచిన చోటే నడిచారు. ఇద్దరి మెడలోనూ ఐస్ పిక్స్ ఉన్నాయి. అవి రెండు చెక్క పిడులు, చివర మేకుల్లాంటి మొనలు. పొరపాటున నీళ్లలో పడితే వాటిని ఐసులో గుచ్చి పైకి పాకాలి. ఎటునుంచి నడిచి వచ్చామో అటే తిరగాలి, ఎందుకంటే మనల్ని మోసిన ఐసు ఆ వైపే ఉంది. కాళ్లు ఈదినట్టు కొడుతూ పొట్ట మీద పాకి, పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోవాలి. పడగానే వచ్చే ఎగశ్వాస ఒక నిమిషంలో సర్దుకుంటుంది, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ ఉండేది దాదాపు గంట. ఇదంతా ముందురోజు రాత్రి హాల్లో కార్పెట్ మీద చేసి చూపించాను. ఆయన కూడా చేశారు. నిమిషం, పది నిమిషాలు, గంట అని నోట్‌బుక్కులో రాసుకున్నారు.

సగం దూరం వెళ్లేసరికి కాళ్ల కింద పెద్ద మోత. దూరంగా పిడుగు పడి, ఆ శబ్దం సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పరిగెత్తినట్టు. మావయ్యగారు కొయ్యబారిపోయారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఐసు వేడికీ చలికీ సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, అప్పుడు ఇలా మోగుతుంది, మందంగా ఉన్నప్పుడు ఈ మోతకి కంగారుపడక్కర్లేదు అని ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పడం మర్చిపోయాను. చేతులు పట్టుకుని నిలబడే చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి, "రైలు పట్టాల మధ్య ఖాళీ వదులుతారే, అదే సూత్రం. ఇక్కడ ఖాళీ లేదు, అందుకని పగులుతోంది" అన్నారు. చేతి పట్టు సడలింది.

ఐసు తొలిచే బర్మా లాంటి ఆగర్‌తో కన్నం చేశాను. ఎనిమిది అంగుళాల వెడల్పు. నీళ్లు ఉబికి పైకొచ్చాక చిల్లుల గరిటెతో ఐసు ముక్కలు తోడేసి, కొలకర్ర దింపి పద్దెనిమిది అంగుళాలని చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి కన్నం గోడ చూశారు. పైన నాలుగైదు అంగుళాలు తెల్లగా, సన్నటి గాలి బుడగలతో. మంచు కురిసి, తడిసి, మళ్లీ గడ్డకట్టిన పొర అది. దాని కిందదంతా నల్లటి అద్దం. ఆ నల్ల ఐసే బలం. కొత్త నల్ల ఐసు నాలుగు అంగుళాలుంటే మనిషి నడవొచ్చంటారు. తెల్లదానికి బలం సగమే కాబట్టి రెట్టింపు మందం కావాలి. మార్చి ముదిరే కొద్దీ ఎండకి ఐసు లోపలే నిలువునా చీలి కొవ్వొత్తులు కట్టగట్టినట్టు అయిపోతుంది. అప్పుడు మందం కొలిచి ధైర్యం తెచ్చుకోకూడదు. రెండడుగులున్నా విరగొచ్చు. వాగు కలిసే చోటా, ఊటలున్న చోటా అసలు నమ్మకూడదు. చలికాలం చివర్లో వెళ్లేవాళ్లు ఈ తేడా తెలియకుండా ఐసు మీద కాలు పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

ఆరోజు అరచేతి మందాన రెండు సన్‌ఫిష్ పడ్డాయి. గంట కాగానే లేచిపోయాం. ఆయనకి ఇంకాసేపు ఉండాలనుంది. అలా ఉండాలనిపిస్తున్నప్పుడే వచ్చేయాలని ముందే అనుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే అత్తయ్యగారికి మొత్తం వర్ణించి చెప్పారు, ఐసు మోతతో సహా.

అసలు ప్రయాణానికి సొంత గుడారం వద్దనుకున్నాను. ఒడ్డున ఉన్న రిసార్టులు చలికాలమంతా సరస్సు మీద చెక్క గదులు పెడతాయి. లోపల హీటరు, బెంచీలు, నేలలో కన్నాలు. సరిహద్దు సరస్సుల్లో మార్చి 31 లోపు వాటిని తీసేయాలి కాబట్టి మార్చి మొదటి శనివారానికి ఇంకా ఉంటాయి. రెండు చోట్లకి ఫోన్ చేశాను. చేపలెలా పడుతున్నాయని చివర్లో అడిగాను. ముందు అడిగినవి వేరు: గది ఒడ్డుకి ఎంత దూరం? మధ్యాహ్నం మాకు ఇబ్బందైతే వెనక్కి తీసుకొచ్చే బండి ఉందా? బాత్రూం ఎలా? గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? మొదటి రిసార్టువాళ్లు సాయంత్రం ఐదున్నర దాకా బండి రాదన్నారు. రెండో చోట ఫోన్ ఎత్తినావిడ, "పెద్దాయనా? షుగరుందా? ఎప్పుడు ఫోన్ చేసినా పావుగంటలో బండి పంపిస్తాం" అంది. అక్కడే బుక్ చేశాను. అలారం ఉందన్నా నాది కూడా ఒకటి సంచిలో వేసుకున్నాను. ప్రొపేన్ హీటరున్న మూసిన గదిలో అది లేకుండా కూర్చోకూడదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. రెండున్నర అడుగుల కర్రలు రెండు, ఆరు పౌండ్ల బరువు ఆపే దారం, బంగారు రంగు స్పూన్లు, ఫ్రీజ్ చేసిన షైనర్ చేపపిల్లలు, నీళ్లలో చేప జాడ తెర మీద చూపే ఫ్లాషర్. షుగరు మాత్రలు, గ్లూకోజ్ బిస్కట్లు, షుగరు కొలిచే మిషను ఆయన లోపలి జేబులో. ఆ మిషను చలికి సరిగ్గా పనిచేయదు, ఒంటి వేడికి ఉండాలి. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర, ఇడ్లీలు. బయల్దేరే ముందు మావయ్యగారు ఒక వస్తువు అడిగారు. థర్మామీటరు, దారానికి కట్టి నీళ్లలో దింపేది. ఎందుకో చెప్పకుండానే అర్థమైంది. కొన్నాను.

శుక్రవారం రాత్రికి బోడెట్ చేరాం. ఊళ్లో నలభై అడుగుల వాలై చేప బొమ్మ ఉంది, దాని ముందు ఆయన్ని నిలబెట్టి ఫోటో తీశాను. శనివారం పొద్దున మైనస్ 18 సెల్సియస్. చక్రాలకి బదులు గొలుసు పట్టాలున్న బండిలో సరస్సు మీద ఏడు మైళ్లు. ఒకచోట ఐసు పగుళ్లు తీసి మడతపడిన గట్టు, దాని మీద చెక్క వంతెన వేశారు. బండి దాని మీద ఎక్కేటప్పుడు ఆయన కళ్లు మూసుకున్నారు, నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

గదిలో లోతు 28 అడుగులు. ఒక కన్నంలో నేను స్పూన్ ఆడిస్తున్నాను, చివర చేపపిల్ల తల గుచ్చి. పక్క కన్నంలో బతికున్న చేపపిల్లని అడుగుకి అడుగు ఎత్తున కదలకుండా వేలాడదీసి, పైన బెండు. ఆ బెండు మావయ్యగారిది. చిన్నప్పటి ఆట అదే కదా, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదని దాన్ని ఆయనకిచ్చాను. ఫ్లాషర్ తెర మీద అడుగు ఎర్రటి పట్టీలా, మన స్పూన్ సన్నని గీతలా కనబడతాయి. చేప వస్తే వాటి మధ్య ఇంకో గీత లేస్తుంది. "ప్రతిధ్వని" అన్నారు చూడగానే. వేళ్ల మీద లెక్క కట్టారు. నీళ్లలో ధ్వని సెకనుకి దాదాపు 1,400 మీటర్లు, పోనూ రానూ పదిహేడు మీటర్లు, అంటే సెకనులో వందో వంతు కాస్త దాటుతుంది.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒక్కటే చిన్న సాగర్. వాలైకి దగ్గరి చుట్టమది. వీపు రెక్క మీద వరసగా నల్ల చుక్కలుంటాయి. వాలైకి తోక కింది కొసన తెల్ల మచ్చ ఉంటుంది. గంటకోసారి బూట్లు విప్పి పాదాలు చూస్తున్నాను. మొదటిసారి అల్లుడి చేత కాళ్లు పట్టించుకోవడమేంటని ఒప్పుకోలేదు. మీ అమ్మాయికి మాటిచ్చానని చెబితే కాలు ముందుకి పెట్టారు.

పులిహోర తిన్నాక థర్మామీటరు తీశారు. దారం మీద స్కెచ్ పెన్నుతో అడుగడుగుకీ గుర్తులు ముందే పెట్టుకొచ్చారు. ఐసు కిందనే ఐదు నిమిషాలు ఉంచి, గబగబా లాగి చూశారు. అర డిగ్రీ. మధ్యకి దింపారు. ఒకటిన్నర. అడుక్కి దింపి పది నిమిషాలు ఉంచారు. ఆ పది నిమిషాలూ మేమిద్దరం మాట్లాడుకోలేదు. లాగి, కిటికీ వెలుతురు దగ్గర పట్టుకుని చదివారు.

"మూడు."

మళ్లీ దింపారు. మళ్లీ మూడే. నోట్‌బుక్కులో రాసుకుని, పెన్ను మూత పెట్టి తీస్తూ చాలాసేపు ఆలోచించారు. "ఈ సరస్సు విశాలం ఎక్కువ, లోతు తక్కువ కదండీ. గడ్డ కట్టేముందు నవంబరు గాలికి పైనుంచి కిందిదాకా కలిసిపోయి ఉంటుంది. మొత్తం నీళ్లు నాలుగు దాటి ఇంకా చల్లబడ్డాకే పైన పలక పట్టుంటుంది. అందుకే మూడు. పుస్తకంలో బొమ్మ గాలి లేని సరస్సుది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నేను ఈ మూడు నెలల్లో చూడని మొహం. క్లాసులో ఇలాగే ఉండేవారేమో.

సాయంత్రం నాలుగున్నర దాటాక తెర మీద గీతలు పెరిగాయి. వాలై కంట్లో వెనక, పిల్లి కంట్లో ఉన్నట్టే, వెలుతురుని వెనక్కి తిప్పే పొర ఉంటుంది. వెలుగు తగ్గే కొద్దీ మిగతా చేపల కంటే దానికి బాగా కనిపిస్తుంది. అందుకే సంధ్యవేళ వేటకొస్తుంది. గంటలో నాకు రెండు, ఆయనకి ఒకటి పడ్డాయి, పదిహేను, పదహారు అంగుళాలవి. ఇంకో సాగర్ కూడా. అప్పుడు బెండు మళ్లీ మునిగింది. ఆయన కర్ర అందుకుని ఆగారు. బెండు పైకి రాలేదు. ఇంకా కిందికి, కన్నం నల్లటి నీళ్లలోకి వెళ్లిపోయింది. అప్పుడు ఎత్తారు. కర్ర విల్లులా వంగింది.

"లాగకండి, పోనివ్వండి" అన్నాను.

"తెలుసండీ. కొరమీను కూడా ఇంతే" అన్నారు. నాలుగైదు నిమిషాలు పట్టింది. కన్నంలోంచి ముందు తల వచ్చింది, టార్చి వెలుతురుకి కళ్లు నిప్పుల్లా మెరిశాయి. చేతులు తడి చేసుకుని పట్టుకుని కొలిచాను. ఇరవై రెండు అంగుళాలు. పొట్ట నిండుగా ఉబ్బి ఉంది.

మేం వెళ్లినప్పుడు ఆ సరస్సులో లెక్క ఇది: వాలై, సాగర్ కలిపి మనిషికి ఆరు, అందులో వాలై నాలుగుకి మించకూడదు, 19.5 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న వాలైని వెంటనే వదిలేయాలి. ఈ లెక్కలు మారుతుంటాయి, ఏ ఏడాది పుస్తకం ఆ ఏడాది చూసుకోవాల్సిందే. మావయ్యగారికి ముందే చెప్పాను గానీ, జీవితంలో పట్టిన పెద్ద చేప చేతిలో ఉన్నప్పుడు వదలమనడం నాకే కష్టంగా అనిపించింది.

ఆయన పొట్ట వైపు చూశారు. "గుడ్లతో ఉందా?"

ఉందన్నాను. ఐసు కరిగాక ఏప్రిల్లో రెయినీ నదిలోకి ఎక్కి గుడ్లు పెడుతుందని చెప్పాను.

"పులసలాగా ఏటికి ఎదురెక్కుతుందన్నమాట." నా చేతిలోంచి తీసుకున్నారు. మోకాళ్ల మీద వంగి, తల కిందికి ఉంచి కన్నంలోకి జార్చారు. ఒక్క తోక విసురుకి నీళ్లు ఆయన మొహం మీద పడ్డాయి. తుడుచుకోలేదు. కన్నంలోకి చూస్తూ అలాగే ఉండిపోయారు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇంటికొచ్చాం. రిసార్టులోనే చేపలు కోసి ముళ్లు తీసి ముక్కలు చేశాం. ప్రతి ముక్క మీదా అంగుళం చదరాన పొలుసులతో చర్మం ఉంచాలి, ఏ చేపో గుర్తుపట్టడానికి అది ఇక్కడి నిబంధన. అత్తయ్యగారు రెండు నెలలుగా బాలింతకి పాలసొర పెట్టలేకపోతున్నానని బెంగపడుతున్నారు. ఈ తెల్లటి మెత్తటి కండ చూడగానే పసుపు వేసి ఉడికించి, చేత్తో పొడిపొడిగా విదిపి, వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకు వేసి పిట్టు చేశారు. పాలిచ్చే తల్లులు ఇరవై అంగుళాల లోపు వాలైనే తినాలి, అదీ నెలకి ఒక్కసారే అని రాష్ట్ర ఆరోగ్య శాఖ సూచన ఉంది, చేపలో ఉండే పాదరసం వల్ల. అందుకని మా ఆవిడకి ఆ ఒక్క పూటే. ఆమె రెండోసారి వడ్డించుకుంది.

రాత్రి తొమ్మిదికి, అక్కడ సోమవారం పొద్దున ఎనిమిదిన్నర, మావయ్యగారు ఊరికి ఫోన్ చేశారు. ఆయన పనిచేసిన స్కూల్లో ఇప్పుడు సైన్స్ చెబుతున్నది ఆయన పాత శిష్యుడే. నోట్‌బుక్కు ఒళ్లో తెరిచి పెట్టుకున్నారు.

"ఒరే, ఆ సరస్సు బొమ్మ ఉంది చూశావా, అది సరైనదే. నేను కొలిచొచ్చాను. అయితే అడుగున మూడొచ్చింది, నాలుగు కాదు. ఎందుకో చెప్తాను, పెన్ను తీసుకో."